సైన్సు సారు, కొండ పిగిలి

మన 88 పదో తరగతి బ్యాచ్ మళ్లీ కలిసే రోజుకి వేస్తున్న సంచికకి ఒక పేజీ రాసి పంపమని కమిటీ వాళ్లు అడిగారు. కూర్చుంటే నాకు తొమ్మిదో తరగతిలో దసరా సెలవుల ముందు ఆదివారం తప్ప ఇంకేదీ రావడం లేదు. ఎనిమిది, పది తరగతుల సంగతి మనం రేడియో అని పిలిచే మన క్లాసువాడు రాస్తాడులెండి, వాడికి హాజరు పట్టీతో సహా గుర్తుంటుంది.

హార్స్‌లీ కొండ కింద బస్సు దిగేసరికి ఇంకా తెల్లారలేదు. చిత్రాన్నం పొట్లాలు గుండుగాడి సంచిలో, స్కూలు మొత్తానికి ఉన్న ఒక్క బైనాక్యులర్ సైన్సు సారు మెడలో. బోదగడ్డి మీది మంచుకి అందరి కాళ్లూ మోకాళ్ల దాకా తడిసిపోయాయి. వంక దగ్గర సారు చెయ్యెత్తి ఆపారు. తడి రాయి మీద సన్నటి జిట్టంగి పిట్ట, పైన బూడిద రంగు, కింద పసుపు, తోక క్షణం ఆగడం లేదు. "హిమాలయాల నుంచి వచ్చిందిరా, చలికాలమంతా మన దగ్గరే" అన్నారు. గుప్పిట్లో పట్టే పిట్ట అంత దూరం ఎగిరొచ్చిందా అని ఆ రాత్రి అట్లాసు తీసి స్కేలుతో కొలుచుకున్నాను.

అక్కడే కూర్చోబెట్టి కలివికోడి సంగతి చెప్పారు. 1900 తర్వాత ఎవరి కంటా పడక ఇక లేదనుకున్న పిట్ట ఆ ఏడాదే, అంటే 1986 జనవరిలో, మన పక్క కడప జిల్లా లంకమల అడవి పక్క ముళ్లపొదల్లో మళ్లీ దొరికింది, శాస్త్రవేత్తలకి పట్టిచ్చింది అక్కడి పిట్టల వేటగాడే అని చెబుతుంటే సారు గొంతు వణికింది. రేడియో కూడా నోరు మెదపలేదు.

పైన బండల మధ్య పొదలో కనబడింది కొండ పిగిలి. మన పెరట్లో తిరిగే పిగిలిపిట్టలా నల్లతల కాదు, తలంతా పసుపు, గొంతు దగ్గర ఇంకా ముదురు పసుపు. దక్షిణాది రాతికొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదట. బైనాక్యులర్ నా వంతు వచ్చేదాకా అది అక్కడే ఉంది, ఆ అదృష్టం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

హైదరాబాద్‌లో ఇంజనీరు ఉద్యోగం చేస్తూనే ఏటా జనవరిలో నీటిపక్షుల గణనకి చెరువుల మీదికి వెళ్తాను. మా అమ్మాయి డెహ్రాడూన్‌లో వన్యప్రాణి శాస్త్రం చదువుతోంది, దాని గదిలో గోడ మీద కలివికోడి బొమ్మ ఉంది. సారుకి చెప్పాలని ఎంతుండేదో.

కలిసే రోజు సభ పదింటికి కదా. ఆరున్నరకల్లా కొండ మీద గాలిబండ దగ్గరికి రండి, ఎండెక్కితే పిగిలి పొద వదిలి రాదు. బైనాక్యులర్లు నేను తెస్తాను, ఈసారి వంతులు అక్కర్లేదు.