కార్డుకి ప్యాకేజీ అందిందా?

"అన్నా, పింగ్ వస్తోంది, పోర్టు 25 గిగాబిట్లు అని చూపిస్తోంది, కానీ బ్యాకప్ కదలట్లేదు."

దసరా సెలవులకి ముందు ఆదివారం, రాత్రి పదకొండు దాటాక వచ్చిన ఫోన్ అది. మా టీమ్‌లో చేరి ఆరు నెలలైన అమ్మాయి, ఆ రాత్రి షిఫ్ట్ తనదే. సాయంత్రం నేనే ఆరు లినక్స్ సర్వర్లకి కొత్త కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం), హార్డ్‌వేర్‌కి కావాల్సిన కొత్త ఫర్మ్‌వేర్ ఫైళ్లు వేసి, అన్నీ లేచాయని చూసుకుని ఇంటికొచ్చాను. వాటిలో ఐదు సర్వర్లకి ఏ ఇబ్బందీ లేదు. ఆరోది మాత్రం రోజూ నలభై నిమిషాల్లో ముగించే బ్యాకప్‌ని రెండు గంటలైనా సగం కూడా చేయలేదు.

"స్విచ్‌లో ఎర్రర్లు ఉన్నాయా?"

"లేవన్నా. కేబుల్ కూడా మార్చి చూశాను. ఐపెర్ఫ్‌తో వేగం కొలిస్తే, ఎనిమిది స్ట్రీములు పెట్టినా 6 గిగాబిట్లు దాటట్లేదు. ప్రాసెసర్‌లో ఒక్క కోర్ మాత్రం నూటికి నూరు కొడుతోంది, మిగతావన్నీ ఖాళీగా కూర్చున్నాయి."

ఆ చివరి మాట వినగానే నాకు విషయం సగం అర్థమైంది. డీమెసేజ్ (కెర్నెల్ రాసే లాగ్) తీసి, నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ అయిన ఐస్ పేరుతో వచ్చిన లైన్లు చదవమన్నాను. డీడీపీ ప్యాకేజీ ఫైలు దొరకలేదని, సేఫ్ మోడ్‌లోకి వెళ్తున్నానని కార్డు డ్రైవర్ బూట్ అయిన మొదటి నిమిషంలోనే రాసిపెట్టింది. మేమెవరం ఆ లైను చూడలేదు.

ఈ డీడీపీ గురించి తెలుగులో ఎక్కడా వివరంగా రాసినట్టు నాకు కనిపించలేదు. కొత్తగా ఈ పనిలోకి వస్తున్నవాళ్లకి పనికొస్తుందని నాకు తెలిసినంత రాస్తున్నాను.

మా సర్వర్లలో ఉన్నవి ఇంటెల్ ఈ810 నెట్‌వర్క్ కార్డులు. 800 సిరీస్ అంటారు. లినక్స్‌లో వీటి డ్రైవర్ పేరు ఐస్. 2018లో 4.17 కెర్నెల్‌తో వచ్చింది. వీటిలో ఫర్మ్‌వేర్ రెండు రకాలుగా ఉంటుంది, తికమక అంతా అక్కడే మొదలవుతుంది. ఒకటి కార్డు మీది ఫ్లాష్‌లో ఉండేది, ఎన్‌వీఎం అంటాం. అది పచ్చబొట్టు లాంటిది. ఒకసారి రాస్తే కరెంటు తీసేసినా, కార్డుని ఇంకో సర్వర్‌లో పెట్టినా అలాగే ఉంటుంది. రెండోది డీడీపీ ప్యాకేజీ. పూర్తి పేరు డైనమిక్ డివైస్ పర్సనలైజేషన్. ఇది పలక మీద రాత. సర్వర్ ఆపి వేసిన ప్రతిసారీ పలక తుడిచేసి ఉంటుంది, డ్రైవర్ లేచి మళ్లీ రాయాలి. ఆ రాత ఉండే ఫైలు కార్డులో ఉండదు, ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గర ఉంటుంది.

ఇంతకీ ఆ ఫైల్లో ఏముంటుంది? వచ్చే ప్యాకెట్‌ని ఎలా విడదీసి చదవాలి, ఏ హెడర్ (ప్యాకెట్ ముందుండే చిరునామా భాగం) తర్వాత ఏ హెడర్ వస్తుంది, అందులో ఏ భాగాన్ని చూసి ఏ క్యూలోకి (ఒక్కో కోర్‌కి వెళ్లే వరస) పంపాలి అన్న సమాచారం ఉంటుంది. అది అందకపోతే కార్డుకి చదవడం రాదు. అయినా పూర్తిగా పడుకోదు, సేఫ్ మోడ్‌లో లేస్తుంది. ఒకే ఒక్క క్యూతో ప్యాకెట్లు అటూ ఇటూ పంపుతుంది. ట్రాఫిక్‌ని కోర్ల మధ్య పంచడం ఉండదు, వర్చువల్ మెషీన్లకి ఇచ్చే ఎస్ఆర్-ఐఓవీ ముక్కలు ఉండవు. కానీ పోర్టు దీపం పచ్చగానే వెలుగుతుంది, పింగ్ వస్తుంది, దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ పనిచేస్తుంది. కార్డు పూర్తిగా చచ్చిపోయి ఉంటే ఆ సాయంత్రం ఐదు నిమిషాల్లో పట్టుకునేవాణ్ని. బతికే ఉంది కాబట్టి అంతా బాగుందనుకుని ఇంటికొచ్చేశాను.

ల్యాప్‌టాప్ తెరిచి ఐపీఎంఐ కన్సోల్‌లోంచి (సర్వర్‌కి విడిగా ఉండే నిర్వహణ దారి) ఆ సర్వర్‌లోకి వెళ్లాను. నెట్‌వర్క్ కార్డు మీద పని చేస్తూ అదే కార్డు మీదుగా ఎస్ఎస్‌హెచ్‌లో ఉండకూడదు కదా. ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లో, ఇంటెల్ కింద ఐస్, దాని కింద డీడీపీ అని ఉంటుంది. అక్కడ ఐస్ డాట్ పీకేజీ అనే సిమ్‌లింక్ ఉంది. అది వెర్షన్ నంబరున్న అసలు ఫైలు వైపు, అంటే 1.3.36.0 వైపు చూపిస్తోంది. అసలు ఫైలూ అక్కడే ఉంది. డిస్క్ మీద అన్నీ సవ్యంగానే ఉన్నాయి. మరి డ్రైవర్‌కి ఎందుకు దొరకలేదు?

కొంతసేపు తల పట్టుకుని కూర్చున్నాక గుర్తొచ్చింది. ఈ ఒక్క సర్వర్ ఐస్కజీ స్టోరేజ్ నుంచి, అంటే నెట్‌వర్క్ మీదుగా వచ్చే డిస్క్ నుంచి బూట్ అవుతుంది. అందుకని రెండేళ్ల కిందట దీనికి ఐస్ డ్రైవర్‌ని ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లోనే (బూట్ మొదట్లో వాడే చిన్న ఇమేజ్) చేర్చాను. అసలు డిస్క్ ఇంకా మౌంట్ కాకముందే డ్రైవర్ లేస్తుంది కాబట్టి దానికి కావాల్సిన ప్యాకేజీ కూడా ఆ చిన్న ఇమేజ్‌లోనే ఉండాలి. దానికోసం నేనే ఒక చిన్న స్క్రిప్ట్ రాశాను. అందులో ఫైలు పేరు వెర్షన్‌తో సహా పెట్టాను, 1.3.26.0 అని. ఈసారి అప్‌డేట్‌లో పాత ఫైలు పోయి కొత్తది వచ్చింది. నా స్క్రిప్ట్ పాత పేరు కోసం వెతికింది, దొరక్కపోతే ఒక్క ముక్క కూడా అనకుండా ముందుకెళ్లింది. ఎల్ఎస్‌ఇనిట్‌ఆర్‌డీతో ఇమేజ్ విప్పి చూస్తే ఐస్ డాట్ పీకేజీ అన్న సిమ్‌లింక్ ఒక్కటే ఉంది, అది చూపించే ఫైలు మాత్రం లేదు.

తప్పు నాదే. వెర్షన్ నంబరు చేత్తో రాయడం మొదటి తప్పు, దొరకనప్పుడు ఆగిపోమని స్క్రిప్ట్‌కి చెప్పకపోవడం రెండోది. ఆ అమ్మాయికీ ఉన్నదున్నట్టు అదే చెప్పాను.

మామూలు సర్వర్ అయితే డ్రైవర్‌ని దించి మళ్లీ ఎక్కిస్తే సరిపోయేది. దానిలోనూ ఒక మెలిక ఉంది. ఒక సర్వర్ మెమరీ నుంచి ఇంకోదానికి నేరుగా డేటా పంపే ఆర్‌డీఎంఏ డ్రైవర్, పేరు ఐఆర్‌డీఎంఏ, ఐస్‌ని పట్టుకుని ఉంటుంది. ముందు దాన్ని దించితే తప్ప ఐస్ వదలదు. పైగా కార్డులో పోర్టులు ఎన్ని ఉన్నా పలక ఒక్కటే. మొదట లేచిన పోర్టు ప్యాకేజీని రాస్తుంది, రెండో పోర్టు లేచి "ఇప్పటికే ఉంది" అని చూసుకుని ఊరుకుంటుంది. కాబట్టి వేరే ప్యాకేజీ వేయాలంటే ఆ కార్డు పోర్టులన్నిటి నుంచీ డ్రైవర్ దిగాలి. ఒక పోర్టు మీద డ్రైవర్ ఉండగా ఇంకో పోర్టులో కొత్తది వేద్దామంటే కుదరదు. మా సర్వర్‌లో రూట్ డిస్కే ఆ కార్డు మీదుగా వస్తోంది కాబట్టి దించే ప్రసక్తే లేదు. స్క్రిప్ట్‌లో వెర్షన్ పేరు తీసేసి, సిమ్‌లింక్ ఎటు చూపిస్తే ఆ ఫైలుని తీసుకునేలా మార్చి, డ్రాకట్‌తో ఇమేజ్ మళ్లీ కట్టి, ఎల్ఎస్‌ఇనిట్‌ఆర్‌డీలో రెండు పేర్లూ ఉన్నాయని కళ్లతో చూసుకుని రీబూట్ చేశాను. ఈసారి ఓఎస్ డిఫాల్ట్ ప్యాకేజీ 1.3.36.0 విజయవంతంగా లోడ్ అయిందని డీమెసేజ్‌లో వచ్చింది. ఐపెర్ఫ్ 23 దగ్గర నిలబడింది. అప్పటికి టైం ఒంటిగంటన్నర.

లినక్స్‌లో ఇంకో సంగతి తెలిసి ఉండాలి. కెర్నెల్ ఫర్మ్‌వేర్ కోసం ముందు అప్‌డేట్స్ అనే ఫోల్డర్‌లో చూస్తుంది, అక్కడ లేకపోతేనే మామూలు చోట చూస్తుంది. ఎవరో ఎప్పుడో పరీక్ష కోసం అందులో పెట్టి మర్చిపోయిన పాత ఫైలు ఉంటే, డిస్ట్రో ఎంత కొత్తది ఇచ్చినా పాతదే ఎక్కుతుంది. ఐస్ డ్రైవర్ అయితే అన్నిటికంటే ముందు కార్డు సీరియల్ నంబరుతో ఉన్న ఫైలు కోసం వెతుకుతుంది. కార్డుల జాబితా చూపే ఎల్ఎస్‌పీసీఐలో డివైస్ సీరియల్ నంబర్ అని వచ్చే పదహారు అక్షరాలని, మధ్యలో గీతలు తీసేసి, అన్నీ చిన్న అక్షరాల్లో రాసి ఫైలు పేరులో పెడితే ఆ ప్యాకేజీ ఆ ఒక్క కార్డుకే వెళ్తుంది. ఒకే సర్వర్‌లో రెండు కార్డులకి రెండు వేర్వేరు ప్యాకేజీలు ఇవ్వొచ్చు.

అదెందుకు అవసరం? మా ల్యాబ్‌లో నాలుగో సర్వర్ కథ ఇదే. దాని మీద 5జీ యూజర్ ప్లేన్ ట్రాఫిక్ పరీక్షిస్తాం. ఫోన్ల డేటా అంతా జీటీపీ అనే గొట్టంలో దూరి వస్తుంది. పైన కనిపించే ఐపీ అడ్రస్‌లు రెండే, యూడీపీ పోర్టు ఎప్పుడూ 2152. లోపల వేలమంది ఉన్నా కార్డుకి బయట ఎప్పుడూ ఆ రెండు చిరునామాలే కనిపిస్తాయి కాబట్టి అందరినీ తీసుకెళ్లి ఒకే క్యూలో పడేస్తుంది. కామ్స్ ప్యాకేజీ అని ఇంకోటి ఉంది. అది వేస్తే జీటీపీ లోపలి హెడర్లు, అలాగే పీపీపీఓఈ (బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో వాడేది) లాంటివి కూడా కార్డు చదవగలదు. లోపలి అడ్రస్‌ని బట్టి జనాన్ని క్యూలకి పంచుతుంది. మొదటిసారి ఆ ప్యాకేజీ వేసి, ఇంటరప్టుల లెక్క (ఏ కోర్‌కి కార్డు నుంచి ఎన్ని పిలుపులు వచ్చాయో) చూసినప్పుడు ఒక్క కాలమ్‌లో మాత్రమే పెరుగుతున్న అంకెలు పదహారు కాలమ్‌లలో ఒకేసారి కదలడం నాకింకా గుర్తుంది. కార్డు అదే, డ్రైవర్ అదే, కేబుల్ అదే. మారింది ఒక్క ఫైలు. ఈ పనిలో నాకు అంత సంతోషం కలిగించిన రోజులు తక్కువ.

ఇంతకుముందు 700 సిరీస్ కార్డుల్లో కూడా డీడీపీ ఉండేది, కానీ అక్కడ కార్డు తనకి తానుగా చదవగలిగేది, ఈథ్‌టూల్ అనే కమాండ్‌తో పైన ఒక ప్రొఫైల్ అదనంగా ఎక్కించేవాళ్లం. ఆ అలవాటుతో 800 సిరీస్‌కి వచ్చినవాళ్లు ప్యాకేజీ అంటే ఐచ్ఛికం అనుకుంటారు. ఇక్కడ అది లేకపోతే పని గడవదు.

డీపీడీకేతో (కెర్నెల్‌ని దాటి ప్రోగ్రామే నేరుగా కార్డుతో మాట్లాడే లైబ్రరీ) పనిచేసేవాళ్లకి ఒక మాట. అక్కడ కెర్నెల్ డ్రైవర్ పక్కకి తప్పుకుంటుంది, డీపీడీకేలోని డ్రైవరే అవే ఫోల్డర్లలోంచి ప్యాకేజీ తీసి ఎక్కిస్తుంది. దొరక్కపోతే మామూలుగా అసలు లేవనే లేవదు. సేఫ్ మోడ్ చాలు అని మనం ప్రత్యేకంగా అడిగితేనే లేస్తుంది. నాకైతే ఈ పద్ధతే నచ్చుతుంది. లేవకపోతే వెంటనే తెలుస్తుంది. కంటైనర్లలో నడిపేవాళ్లు ఆ ఫర్మ్‌వేర్ ఫోల్డర్ కంటైనర్ లోపల కూడా కనిపించేలా పెట్టుకోవాలి.

మా ఫైర్‌వాల్ ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఉంది. అక్కడ ప్యాకేజీ విడి ఫైలుగా కాకుండా ఐస్_డీడీపీ అనే కెర్నెల్ మాడ్యూల్‌గా వస్తుంది. డ్రైవర్ లేచేటప్పుడు దాన్ని పిలుస్తుంది. కానీ డ్రైవర్ బూట్ మొదట్లోనే లేస్తే అప్పటికి డిస్క్ మౌంట్ అయి ఉండదు, పిలిచినా పలికేవాళ్లుండరు. ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లో నాకు జరిగిందే ఇక్కడ ఇంకో రూపంలో జరుగుతుంది. అందుకే బూట్ సెట్టింగులుండే లోడర్ డాట్ కాన్ఫ్‌లో డ్రైవర్ లైనుతో పాటు ఐస్_డీడీపీ లోడ్ లైను కూడా రాయాలి. ఎక్కిందో లేదో సిస్‌సీటీఎల్ కమాండ్‌లో ఆ కార్డు కింద డీడీపీ వెర్షన్ అని చూస్తే తెలుస్తుంది.

విండోస్‌లో, వర్చువల్ మెషీన్లు నడిపే ఈఎస్ఎక్స్ఐలో మామూలు ప్యాకేజీ డ్రైవర్‌తోనే కలిసి వస్తుంది. అక్కడ సేఫ్ మోడ్ నాకు ఇంతవరకు ఎదురుపడలేదు.

డెబియన్ లినక్స్ వాడేవాళ్లు ఒకటి గమనించండి. 2022లో జరిగిన ఓటింగ్ తర్వాత, 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇలాంటి ఫర్మ్‌వేర్లకి నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అని వేరే విభాగం పెట్టారు. పాత వెర్షన్ నుంచి అప్‌గ్రేడ్ చేసినప్పుడు సోర్సెస్ జాబితాలో ఆ పేరు మీరు చేర్చకపోతే పాత ఫర్మ్‌వేరే ఉండిపోతుంది, కెర్నెల్ మాత్రం కొత్తదవుతుంది.

ఎన్‌వీఎం సంగతి వేరు. దాన్ని లినక్స్‌లోని డెవ్‌లింక్ ఫ్లాష్ కమాండ్‌తోనో, ఇంటెల్ ఇచ్చే ఎన్‌వీఎం అప్‌డేట్ టూల్‌తోనో రాస్తాం. "కార్డు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేశాం కదా" అని ఎవరైనా అంటే నేను మొదట అడిగేది ఏ ఫర్మ్‌వేర్ అనే. ఎన్‌వీఎం రాసి డీడీపీ కూడా అయిపోయిందనుకున్నవాళ్లని చాలామందిని చూశాను. ప్యాకేజీ మారుద్దామనుకుని అనవసరంగా ఫ్లాష్ రాయబోయినవాళ్లనీ చూశాను. అది ఇంకా ప్రమాదం. ప్యాకేజీ తప్పయితే సరైన ఫైలు పెట్టి రీబూట్ చేస్తే పోతుంది, ఫ్లాష్ రాస్తుండగా మధ్యలో ఆగితే మాత్రం కార్డు మీద ఆశ వదులుకోవాల్సి రావచ్చు.

రెండూ ఒకేచోట చూడాలంటే లినక్స్‌లో డెవ్‌లింక్ ఇన్ఫో మంచిది. ఎఫ్‌డబ్ల్యూ డాట్ యాప్ అని ఉన్న లైన్లు ప్యాకేజీ పేరు, వెర్షన్ చెబుతాయి. మిగతావాటిలో ఎన్‌వీఎం వివరాలుంటాయి.

దసరా అయ్యాక ఆఫీసుకి వెళ్లేసరికి ఆ అమ్మాయి ఒక పని చేసి ఉంది. బూట్ అయిన ప్రతి సర్వర్ నుంచీ డెవ్‌లింక్ చెప్పే ప్యాకేజీ పేరు, వెర్షన్, క్యూల సంఖ్య తీసి మా గ్రూప్‌లో ఒక్కో లైనుగా పడేసే స్క్రిప్ట్ రాసింది. ఎక్కడైనా క్యూ ఒకటే ఉంటే ఆ లైను ముందు ఎర్ర గుర్తు వస్తుంది. పోయిన నెల అప్‌డేట్ తర్వాత నాలుగో సర్వర్ లైనులో కామ్స్ బదులు ఓఎస్ డిఫాల్ట్ అని వచ్చింది. క్యూలు పదహారూ ఉన్నాయి, ఎర్ర గుర్తు రాలేదు, అయినా తను పేరు చదివి పట్టుకుంది. వెళ్లి చూస్తే ఆ సర్వర్‌లో కార్డు మార్చారు. సీరియల్ నంబరుతో పెట్టిన ఫైలు పాత కార్డు పేరు మీదే ఉంది. ఫైలు పేరు మార్చి, డ్రైవర్ దించి ఎక్కించి, "ఇప్పుడు కామ్స్ వచ్చిందన్నా" అని మెసేజ్ పెట్టింది. నేను అప్పటికింకా మెట్రోలోనే ఉన్నాను.