డ్రైవర్ అప్‌డేట్ ఎవరు చెయ్యాలి? నా అనుభవం

మేం తయారుచేసే గేట్‌వే పరికరంలో (ఇతర పరికరాలను నెట్‌వర్క్‌కి కలిపే పెట్టె) ఒక వైఫై చిప్ ఉంది. దాని డ్రైవర్ (చిప్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) లైనక్స్ కెర్నెల్‌లో, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగంలో లేదు, చిప్ కంపెనీ బీఎస్పీతో (చిప్‌తో పాటు ఇచ్చే సాఫ్ట్‌వేర్ కట్ట) పాటు విడిగా ఇచ్చింది. మేం వాడింది కెర్నెల్ 4.14 వెర్షన్. ఒక కస్టమర్ చేయించిన సెక్యూరిటీ పరీక్షలో, 2021లో బయటపడ్డ ఫ్రాగ్‌అటాక్స్ అనే వైఫై భద్రతా లోపాలు మా పరికరంలో ఇంకా ఉన్నాయని తేలింది. కెర్నెల్‌లో వాటికి సవరణలు ఎప్పుడో వచ్చాయి. కానీ అవి మాక్80211 అనే, వైఫై డ్రైవర్లకు ఉమ్మడిగా ఉండే భాగంలో వచ్చాయి. మా డ్రైవర్ దాన్ని వాడదు, ఆ పనంతా సొంత కోడ్‌తోనే చేసుకుంటుంది. కెర్నెల్‌ని ఎంత తాజాగా ఉంచినా ఆ సవరణ మా దాకా రాదన్నమాట.

ఇక అడగడం మొదలైంది. వైఫై మాడ్యూల్ అమ్మినవాళ్లు, డ్రైవర్ తమది కాదు, చిప్ కంపెనీని అడగమన్నారు. చిప్ కంపెనీ, ఈ చిప్‌కి బీఎస్పీ 4.14తోనే ఆగిపోయిందని, కొత్తది కొత్త చిప్‌లకేనని రాసింది. బోర్డు చేసిచ్చినవాళ్లు, అప్పగించిన రోజు అన్నీ పనిచేశాయి కదా అన్నారు. ఒక్కొక్కరి మాటా విడిగా చూస్తే న్యాయంగానే ఉంటుంది. కానీ పరికరం వాడుతున్న మనిషికి వీళ్లలో ఎవరూ తెలియదు. పెట్టె మీద ఉన్నది మా పేరు.

మా ఆఫీసులో ఈ వాదనను తెంచింది యూరప్ సైబర్ రెసిలియెన్స్ యాక్ట్ అనే చట్టం. 2024 డిసెంబరులో అమల్లోకి వచ్చింది, ప్రధాన నిబంధనలు 2027 డిసెంబరు 11 నుంచి వర్తిస్తాయి. లోపల ఎవరి భాగాలున్నా, తన పేరుతో మార్కెట్‌లో పెట్టినవాడే తయారీదారు. వస్తువు ఆయుష్షు అంతకంటే తక్కువైతే తప్ప కనీసం 5 ఏళ్లు లోపాలు సరిచేస్తూ ఉండాలి. మేం అక్కడా అమ్ముతాం. ఆ తర్వాత బాధ్యత ఎవరిదన్న చర్చ మళ్లీ రాలేదు.

4.14కి మద్దతు 2024 జనవరిలో ముగిసింది కాబట్టి 6.6కి మారాలనుకున్నాం. ముందు పాత డ్రైవర్‌నే కొత్త కెర్నెల్‌పై కంపైల్ చేసి చూశాను. పేజీల కొద్దీ ఎర్రర్లు. కెర్నెల్ లోపలి ఇంటర్‌ఫేస్‌లు (డ్రైవర్లు కెర్నెల్‌ని వాడుకునే పద్ధతులు) స్థిరంగా ఉంటాయని ఎవరూ హామీ ఇవ్వరు. ఉదాహరణకు, పాత టైమర్ పద్ధతి 4.15లో పోయింది, ప్రాక్ ఫైళ్ల పద్ధతి 5.6లో మారింది, ఐఓరీమ్యాప్_నోక్యాష్ అనే ఫంక్షన్‌ని అదే 5.6లో తీసేశారు. కెర్నెల్ లోపల ఉన్న డ్రైవర్లనైతే, మార్పు చేసినవాళ్లే ఆ మార్పుతో పాటు సరిచేసుకుంటూ వెళ్తారు. బయట ఉన్నదాన్ని పట్టించుకునేవాళ్లు ఉండరు. ఇవన్నీ సరిచేసినా ఫ్రాగ్‌అటాక్స్ లోపాలు అలాగే ఉంటాయి, ఏడాది తిరిగేసరికి మళ్లీ ఇదే పని. అందుకే ఆ దారి వదిలేశాం.

అదే చిప్‌కి 6.6లో మాక్80211 మీద నడిచే డ్రైవర్ ఉంది. ఫర్మ్‌వేర్ (చిప్ లోపల నడిచే కోడ్) కూడా లైనక్స్-ఫర్మ్‌వేర్ అనే ఉమ్మడి సేకరణలో దొరికింది. ఇక సులువే అనిపించింది గానీ చిప్ అసలు కనబడలేదు. చాలా టెన్షన్ పడ్డాం. పాత డ్రైవర్ చిప్‌ని మొదలుపెట్టే రీసెట్ పిన్‌ని తానే ఆడించేది, ఆ సంగతి ఏ డాక్యుమెంట్‌లోనూ లేదు. ఆసిలోస్కోప్ (విద్యుత్ సంకేతాలను చూపే పరికరం) పెట్టి రెండు కెర్నెల్‌లనూ పోల్చి చూస్తే తెలిసింది. బోర్డు మీద ఏముందో కెర్నెల్‌కి చెప్పే డివైస్ ట్రీలో, చిప్‌ని ఎలా ఆన్ చెయ్యాలో తెలిపే ఎంఎంసీ-పవర్‌సీక్ నోడ్ రాశాక చిప్ లేచింది. నిద్ర నుంచి లేచాక కనెక్షన్ తెగిపోయే ఇంకో సమస్య దొరికితే, దాని సవరణను మెయిన్‌లైన్‌కే (అందరికీ ఉమ్మడి అయిన అసలు కెర్నెల్‌కే) పంపాం. ఆ డ్రైవర్ చూసుకునే మెయింటెయినర్ ఓపిగ్గా తప్పులు చెప్పి, తిరిగి రాయించి తీసుకున్నారు. డబ్బిచ్చి కొన్నచోట దొరకని సహాయం అది, ఆయనకు మేం ఎంతో రుణపడి ఉన్నాం.

అప్‌డేట్‌ని ఏ, బి రెండు పార్టిషన్ల పద్ధతిలో (పాతది ఒకదానిలో ఉండగా కొత్తది రెండోదానిలో పెట్టడం) దశలవారీగా పంపాం. బూట్ కాకపోతే పాతదానికి వెనక్కి వెళ్లే ఏర్పాటు లేకుండా కెర్నెల్ మార్చే సాహసం నేనైతే చెయ్యను.

ఇప్పుడు కొత్త చిప్ ఎంచుకునేటప్పుడు, ధర అడగకముందే డ్రైవర్ మెయిన్‌లైన్‌లో ఉందా అని చూస్తున్నాం. లేకపోతే ఎన్నేళ్లు, ఏ కెర్నెల్ దాకా సవరణలు ఇస్తారో కాంట్రాక్టులో రాయమంటున్నాం. ఒక పాత మోడల్‌కి మాత్రం దారి దొరకలేదు. దాని మోడెమ్ డ్రైవర్ 4.14కి కట్టిన బైనరీగానే (మార్చడానికి వీల్లేని తయారైన ఫైలుగానే) ఉంది, సోర్స్ కోడ్ ఇచ్చేది లేదన్నారు. ఆ మోడల్ అమ్మకం ఆపేసి, మద్దతు ఏ తేదీతో ముగుస్తుందో కొన్నవాళ్లందరికీ ఉత్తరం రాశాం.