గుణదల కొండ దగ్గర పలికిన సగం జపం

2025 ఫిబ్రవరి 10న, సోమవారం నాడు, విజయవాడ గుణదల మరియమాత సన్నిధిలో మా అబ్బాయి తలనీలాలు సమర్పించి, చెప్పులు లేకుండా కొండ మీది సిలువ దాకా ఎక్కి మొక్కు తీర్చుకున్నాను. కాళ్ల నొప్పులు తగ్గకముందే ఇది రాస్తున్నాను.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. ఉదయపు పూజకు బయలుదేరే వేళకు బుడమేరు వాగు నీళ్లు సింగ్‌నగర్‌లోని మా వీధిలోకి వచ్చాయి. చీకటి పడేసరికి ఇల్లు మునిగి, మేడ మీద మేము నలుగురమూ, పక్కింటివారూ, ఒక బిందె మంచినీళ్లూ మిగిలాము. రెండవ రాత్రి మా ఏడేళ్ల అబ్బాయికి ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చింది. మా అత్తగారు జపమాల మొదలుపెట్టారు. మంగళవార్త జపంలో మొదటి సగం ఆవిడ చెప్పడం, మా కోసం ప్రార్థించమని మరియమ్మను వేడుకునే రెండవ సగం మేమందరం అందుకోవడం మా ఇంటి అలవాటు. "ఇప్పుడును, మా మరణ సమయమందును" అనే చోటికి వచ్చేసరికి నా గొంతు పడిపోయింది. చిన్ననాటి నుంచి ఆ రెండూ వేర్వేరు కాలాలని అనుకుంటూ పలికినదాన్ని, ఆ చీకట్లో అవి రెండూ ఒకటే అయిపోయినట్లు తోచి, ఆ మాట అంటే బిడ్డ మీదికి చావును నేనే పిలిచినట్లవుతుందని భయపడ్డాను. జపం వదిలేసి మొక్కు మొక్కుకున్నాను. మర్నాడు పడవ వచ్చింది, వాడు కోలుకున్నాడు.

మరియమ్మ నా మొర విన్నదన్న నమ్మకం నాకు పూర్తిగా ఉంది. అయినా ఆ తర్వాత ఐదు నెలలపాటు ఆ సగం నా నోట రాలేదు. రోజూ రాత్రి అత్తగారే రెండు సగాలూ చెప్పుకున్నారు, ఒక్కసారైనా ఎందుకని అడగలేదు.

గుణదల తిరునాళ్లలో జనం సంగతి చెప్పనక్కరలేదు. వరుసలో మూడు గంటలు నిలబడ్డాము. మరియమాత స్వరూపం ఉన్న గుహ దగ్గరపడే కొద్దీ, పసిబిడ్డలను ఎత్తుకున్న తల్లులను మోచేతులతో నెట్టి ఫోన్లు పైకెత్తేవారిని చూస్తే కడుపు మండింది. ప్రార్థించడానికి వచ్చి కోపం తెచ్చుకున్నందుకు అమ్మను క్షమాపణ వేడుకున్నాను.

మా ముందు, నుదుట పెద్ద బొట్టుతో, చేతిలో కొబ్బరికాయతో నందిగామ వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ ఉన్నది. మా అబ్బాయి గుండు ఎండకు మాడుతున్నదని తన కొంగు కప్పి, వాణ్ణి తన పక్కకు లాక్కున్నది. నా జపమాల పూసల సందుల్లో ఎండిన బురద చూసి అడిగితే, వరద తీశాక మంచం కింద దొరికిందని చెప్పాను.

"బుడమేరు మట్టా! కడగమాకమ్మా, అట్టాగే ఉంచు," అన్నది. కాసేపాగి, "నాకు మీ జపం రాదు. నువ్వు చెప్తే నీ వెనకాల నేనూ అంటా," అన్నది.

నేను ముక్కముక్కగా చెబుతుంటే ఆవిడ కళ్లు మూసుకుని పలికింది. ఆ చోటికి రాగానే నేను ఆగిపోయాను. ఆవిడ కళ్లు తెరవకుండానే, "తర్వాతేంటమ్మా?" అని అడిగింది. నాకోసమైతే అనగలిగేదాన్ని కాదేమో. ఆవిడ ఎదురుచూస్తున్నది కనుక "ఇప్పుడును, మా మరణ సమయమందును" అన్నాను. "మరణ సమయమందును, ఇప్పుడును," అని ఆవిడ తిరగేసి పలికింది. నేను సరిదిద్దలేదు.

అమ్మ ముఖం నాలుగు క్షణాలు కూడా కనిపించలేదు, వెనక నుంచి తోసేశారు. ఆ నాలుగు క్షణాల్లో నాకు గుర్తొచ్చింది బెర్నదెత్తమ్మ. 1858లో ఫ్రాన్సులోని లూర్దు గుహ దగ్గర అమ్మను చూసిన ఆ పిల్ల ఉబ్బసం మనిషి. బతుకుతెరువైన పిండిమర పోయి, ఒకప్పటి చెరసాల గదిలో తలదాచుకున్న కుటుంబం వారిది. ఇల్లు చెడినవారి దగ్గరికి రావడం అమ్మకు కొత్త కాదనిపించి, కన్నీళ్లు ఆగలేదు. ఆ తర్వాత సిలువ దాకా మెట్లు ఎక్కుతున్నంతసేపూ అబ్బాయి పూసలు లెక్కపెట్టాడు, నేను గట్టిగానే జపం చెప్పాను.

మోకాళ్ల నొప్పితో ఇంటి దగ్గరే ఉండిపోయిన అత్తగారికి ఇవేవీ చెప్పలేదు. రాత్రి ఆవిడ ఎప్పటిలాగే మొదటి సగం ముగించి, రెండవ సగానికి ఊపిరి తీసుకుంటుండగా నేను అందుకున్నాను. ఆవిడ తల తిప్పి నా వైపు చూసి, ఏమీ అనకుండా తరువాతి పూసకు వెళ్లారు.