ఓటు లేని సహ సభ్యత్వం: మా గ్రంథాలయ సంఘం ముసాయిదాపై నా అభిప్రాయం

మా ఊరి గ్రంథాలయాన్ని నడిపే సంఘంలో ఇకమీదట రెండు తరగతుల సభ్యత్వం ఉండాలన్న ప్రతిపాదన రాబోయే సర్వసభ్య సమావేశంలో చర్చకు రానుంది. ఊళ్ళో ఉండి సంఘం పనులు చూసుకునేవారు ఓటుతో పూర్తి సభ్యులుగా కొనసాగుతారు. హైదరాబాదులోనో బెంగళూరులోనో విదేశాల్లోనో స్థిరపడి, ఏటా చందా పంపుతూ, సెలవులకు వచ్చినప్పుడు నాలుగు పుస్తకాలు తెచ్చిపెట్టేవారు ఓటు లేని సహ సభ్యులుగా చేరతారు. ప్రతిపాదన నాకు సమ్మతమే గాని, ఇప్పుడు చేతికొచ్చిన ముసాయిదా సమ్మతం కాదు.

ఈ అవసరం ఎందుకొచ్చిందో సభ్యులందరికీ తెలుసు. విరాళమిచ్చిన ప్రతివారికీ, శాలువా కప్పినంత సులువుగా, శాశ్వత సభ్యత్వం కట్టబెడుతూ వచ్చాం. వారిలో చాలామంది ఊరు విడిచి వెళ్ళిపోయారు, కొందరు కాలం చేశారు, అయినా పేర్లు మాత్రం సభ్యత్వ పుస్తకంలో అలాగే ఉన్నాయి. కోరం, అంటే సమావేశం చెల్లడానికి హాజరు కావలసిన కనీస సభ్యుల సంఖ్య, లెక్కగట్టేది ఆ పుస్తకాన్ని బట్టే కాబట్టి, వచ్చినవారు ఎంత శ్రద్ధగా వచ్చినా సమావేశం వాయిదా పడుతోంది.

సభ్యుడైనంత మాత్రాన ఓటు ఉండి తీరాలన్న భావన మన చట్టాల్లో ఎన్నడూ లేదు. 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టమే, మూడు నెలలకు మించి చందా బకాయి పడినవారికి ఓటు లేదనీ, వారిని సభ్యులుగా లెక్కించకూడదనీ చెప్పింది. మన రాష్ట్రంలో దాని స్థానంలో 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. అంతకన్నా నాకు నచ్చేది 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టంలోని పద్ధతి: సభ్యుడు ఏడాదిలో సంఘం సేవలను కనీసం ఎంతమేరకు వాడుకోవాలో, సమావేశాల్లో ఎంతమేరకు పాల్గొనాలో నిబంధనావళిలో ముందుగానే రాసుకోవాలి, అంతమేరకు చేసినవారికే ఓటు. అంటే హక్కు మనిషి హోదాను బట్టి గాక అతని పాలుపంచుకోవడాన్ని బట్టి వస్తుంది. ఎవరి ముఖం చూసీ ఇవ్వనక్కర్లేదు, ఎవరిమీద కోపంతోనూ తీసెయ్యడానికి వీల్లేదు.

మా ముసాయిదా సరిగ్గా ఇక్కడే దారి తప్పింది. సహ సభ్యులెవరైనా పూర్తి సభ్యత్వం కోరితే కార్యవర్గం “తన విచక్షణ మేరకు” నిర్ణయిస్తుందని అందులో రాశారు. తనను ఎన్నుకునేవారిని తానే ఎంచుకునే అధికారం ఏ కార్యవర్గానికీ ఉండకూడదు. ఇప్పటివారు సజ్జనులే కావచ్చు, కాని నిబంధన వారితోపాటు దిగిపోదు. కొత్తగా చేరే కుర్రవాళ్ళను, ముఖ్యంగా లెక్కలడిగే కుర్రవాళ్ళను, ఏళ్ళ తరబడి సహ సభ్యులుగానే కూర్చోబెట్టడానికి ఆ ఒక్క మాట చాలు. దాని బదులు, ఊళ్ళో నివాసం, ఏడాది చందా, నిర్ణీత హాజరు ఉన్నవారి దరఖాస్తు దానంతటదే ఆమోదం పొందినట్టు లెక్కించాలని, ఆ అర్హతలు లేవని తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇచ్చి సర్వసభ్య సమావేశంలో అప్పీలుకు వీలు కల్పించాలని సవరణ ఇస్తున్నాను.

మరొక విషయం. 2002 నాటి బహుళ రాష్ట్ర సహకార సంఘాల చట్టం నామమాత్ర, సహ సభ్యులకు ఓటే కాదు, సర్వసభ్య సమావేశంలో పాల్గొనే హక్కు కూడా లేదంటుంది. అప్పులిచ్చే సంఘాలకు అది తగునేమో గాని, స్వచ్ఛందంగా పనిచేసేవారిని గుమ్మం బయట నిలబెట్టే ఆ పద్ధతిని మనం అరువు తెచ్చుకోనక్కర్లేదు. సహ సభ్యులు సమావేశానికి రావచ్చు, మాట్లాడవచ్చు, జమాఖర్చులు చూడవచ్చు. చెయ్యెత్తే వేళ మాత్రం వారిని లెక్కలోకి తీసుకోరు. ఇప్పటికే శాశ్వత సభ్యులైనవారిని కూడా వారి సంతకం లేకుండా ఈ తరగతిలోకి మార్చకూడదు. ఉత్తరం రాసి అడిగితే చాలామంది సంతోషంగానే ఒప్పుకుంటారని నా నమ్మకం.

విదేశాల్లో ఉన్నవారి డబ్బు విషయంలో కోశాధికారి కొంచెం జాగ్రత్త పడాలి. భారత పౌరసత్వం ఉన్న ఎన్నారైలు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేదానికి అడ్డంకి లేదు. అమెరికా పౌరసత్వం పుచ్చుకున్నవారు, భారత సంతతి విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, 2010 నాటి విదేశీ విరాళాల చట్టం దృష్టిలో విదేశీయులే. ఆ చట్టం కింద నమోదు గాని, ముందస్తు అనుమతి గాని లేకుండా వారి విరాళం తీసుకోకూడదు. సహ సభ్యత్వ దరఖాస్తులో పౌరసత్వం అడిగే గడి ఒకటి చేర్చి, ఆడిటరు చూశాకే రసీదు పుస్తకం అచ్చు వేయించాలి.