ఆరుబయట మూకీ సినిమాకి లైవ్ మ్యూజిక్: పని ఎంతవరకు వచ్చిందంటే

వేసవి ఉత్సవంలో ఆరుబయట తెర కట్టి, అమెరికన్ హాస్యనటుడు బస్టర్ కీటన్ మూకీ సినిమా ‘షెర్లాక్ జూనియర్’ (1924) వేస్తున్నారు. తెర పక్కన కూర్చుని వాయించేది మేం ముగ్గురం: నేను కీబోర్డు, ఇంకొకరు వయొలిన్, మూడో ఆయన తబలా. ఈ సినిమానే ఎంచుకోవడానికి మొదటి కారణం నిడివి. సుమారు 45 నిమిషాలు. ఆపకుండా వాయించాలంటే మాలాంటి సరదా వాయిద్యగాళ్లకి అంతే చాలు. పైగా ఇందులో హీరో సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటర్. కునుకు పట్టి, కలలో తెరలోకి నడిచి వెళ్లిపోతాడు.

ముందుగా తేల్చుకున్నది సంగీతం కాదు, ఫైలు. మూకీల కాలంలో కెమెరాని చేత్తో తిప్పేవాళ్లు, వేగం నిలకడగా ఉండేది కాదు. ఇప్పుడు ఒకరు సెకనుకి 20 ఫ్రేములన్నట్టు, ఇంకొకరు 24 అన్నట్టు ప్రింటు తయారుచేస్తే నిడివే మారిపోతుంది. అందుకని ఆ రోజు వేయబోయే ఫైలునే తెప్పించుకుని దాని మీదే సాధన చేస్తున్నాం. సినిమా అమెరికాలో 2020లోనే పబ్లిక్ డొమైన్‌లోకి వచ్చింది, అంటే కాపీరైటు తీరిపోయింది. కానీ బాగుచేసిన ప్రింటుకీ, దానికి జతచేసిన కొత్త సంగీతానికీ హక్కులు వేరుగా ఉండొచ్చు. నిర్వాహకులు ఆ అనుమతి తెచ్చాకే దిగాం.

ఏ సీన్‌లో ఏం వాయించాలో రాసుకునే క్యూ షీట్‌లో టైము రాసుకున్నాం కానీ, వాయించేటప్పుడు టైము చూడం. ‘తలుపు వేసుకోగానే’, ‘టైటిల్ కార్డు పోగానే’ అని బొమ్మనే గుర్తు పెట్టుకుంటే, ఎక్కడైనా తడబడినా దారిలో పడొచ్చు.

హీరో తెరలోకి వెళ్లాక వెనక దృశ్యం టకటకా మారిపోతుంది: తోట, వీధి, కొండ అంచు, సింహాలు. మారిన ప్రతిసారీ బాణీ మార్చి చూశాం. బాగానే ఉంది కానీ నవ్వు రాలేదు. ఇప్పుడు ఒకే నడక బాణీ, ఏమీ జరగనట్టు సాగిపోతుంది. పాపం అతను పడుతుంటే సంగీతం పట్టించుకోకపోవడమే తమాషా. బిలియర్డ్స్ సీన్‌లో 13వ నంబరు బంతి పేలుతుందని చూసేవాళ్లకి ముందే తెలుసు. అక్కడ వయొలిన్ ఒకే స్వరం పట్టుకుంటుంది, తబలా చేతులు కట్టుకుంటుంది. ఆ బాకీ అంతా మోటార్‌సైకిల్ హ్యాండిల్ మీద కూర్చుని హీరో దూసుకుపోయే సీన్‌లో తబలా ఆయన తీర్చుకుంటారు.

అసలు చిక్కు మైదానంలో ఉంది. గాలిలో శబ్దం సెకనుకి 340 మీటర్ల చొప్పున వెళ్తుంది. స్పీకర్లకి 35 మీటర్ల దూరంలో కూర్చున్నవాళ్లకి సెకనులో పదో వంతు ఆలస్యంగా, అంటే రెండు ఫ్రేముల పైచిలుకు వెనకగా వినిపిస్తుంది. తెర మీద మనిషి కింద పడ్డాక ‘ధబ్’! మధ్యలో స్పీకర్లు పెట్టినా, ముందు స్పీకర్ల శబ్దంతో కలవాలని వాటిలో శబ్దం కావాలనే కాస్త ఆలస్యంగా వచ్చేలా (డిలే) పెడతారు కాబట్టి వెనకవాళ్లకి తేడా అలాగే ఉంటుంది. అందుకే పడిన ప్రతి దెబ్బకీ తబలా దెబ్బ వేయడం మానేశాం. పరుగుకి లయ, భయానికి రాగం, అంతే. ముఖ్యమైన రెండు మూడు చోట్ల మాత్రం దెబ్బ ఉంచాం. ఇది హాలులో వాయించేవాళ్లకి అతి జాగ్రత్తగా అనిపించవచ్చు, బయట మాత్రం తప్పదు.

గోడలు లేవు కాబట్టి ప్రతిధ్వనీ లేదు. కీబోర్డు స్వరం పొడిగా తెగిపోతోంది. కొంచెం రివర్బ్ (కృత్రిమంగా కలిపే ప్రతిధ్వని) కలిపాం, స్వరం సాగడానికి పెడల్ ఎక్కువ వాడుతున్నాను. మైకులకి గాలి తొడుగులు తప్పనిసరి.

శ్రుతి ఇంకో తలనొప్పి. కీబోర్డు మారదు, మిగతా రెండూ మారతాయి. సాయంత్రం వేడిలో సరిచేసిన వయొలిన్ చీకటి పడి చల్లబడ్డాక అక్కడే ఉండదు. తేమ పెరిగితే తబలా చర్మం సడలి శ్రుతి దిగుతుంది. అందుకని సినిమా మధ్యలో నేను ఒక్కడినే వాయించే చోట్లు రెండు పెట్టుకున్నాం. ఆ వ్యవధిలో వాళ్లు సరిచేసుకుంటారు. తబలాకి సుత్తి చప్పుడు వినపడకూడదు కాబట్టి ఆయన రెండో దాయాను (కుడిచేతి తబలాను) ముందే సిద్ధంగా పెట్టుకుంటున్నారు.

వేసవిలో పొద్దు ఆలస్యంగా గూకుతుంది. సూర్యాస్తమయం అయిన వెంటనే వేస్తే బొమ్మ వెలిసిపోయినట్టు ఉంటుంది, కనీసం అరగంట ఆగాలి. మా స్టాండ్ లైట్లు తెర మీద పడకుండా వంచి, పసుపు రంగు కాగితం చుట్టాం. తెల్ల లైటు పెడితే స్వరాల కాగితం నిండా పురుగులే. కాగితాలకి బట్టల క్లిప్పులు.

చివరి సీన్ ఇంకా తేలలేదు. తెర మీద హీరోను చూస్తూ మనవాడు అమ్మాయితో ఎలా మెలగాలో నేర్చుకుంటాడు. తర్వాత ఆ తెర హీరో ఒళ్లో ఉన్నట్టుండి పిల్లలు కనిపిస్తారు, మనవాడు బుర్ర గోక్కుంటాడు. వయొలిన్ ఆవిడ నిండుగా ముగిద్దామంటారు. తబలా ఆయన ముక్తాయింపు వేయకుండా టక్కున ఆపేద్దామంటారు. నాకు రెండోదే నచ్చింది. కానీ చప్పట్లు ఎప్పుడు కొట్టాలో జనానికి తెలియదేమోనని ఆవిడ అంటున్నారు, అదీ నిజమే. వచ్చే రిహార్సల్ చీకటి పడ్డాక మైదానంలోనే. రెండు రకాలూ వాయించి చూస్తాం.