తాటిపూడిలో డ్రాగన్ బోటు

విజయనగరం జిల్లా ఎస్.కోట నుంచి తాటిపూడి రిజర్వాయరుకి ఆటో అతను చెప్పిన రేటు వింటే ఒళ్లు మండింది. బేరమాడే వ్యవధి లేదు. పొద్దెక్కితే రిజర్వాయరు మీద గాలి లేస్తుంది, కొత్తవాళ్లతో ఆ గాలిలో డ్రాగన్ బోటు, అంటే జంటలుగా కూర్చుని అందరూ ఒకే లయలో తెడ్డేసే పొడవాటి పడవ, నడపడం కుదరదు.

జట్టంతా పింఛనుదారులే. నీళ్ల సంగతి ఎరిగినవారు కళింగపట్నం తండేలు (చేపల పడవ నడిపించే పెద్ద) ఒక్కరే కాబట్టి వెనక నిలబడి చుక్కాని పట్టే పని ఆయనదే. పోటీల్లో వాడే పెద్ద బోటు దాదాపు 12.5 మీటర్లు, తెడ్డేసేవాళ్లు 20 మంది, ముందు డప్పు కొట్టే మనిషి, వెనక చుక్కాని. మా ముందున్నది పది మంది బోటు. డ్రాగన్ తల, తోక పోటీ రోజున తగిలిస్తారు, సాధనకు అక్కర్లేదు.

ఎక్కడమే మొదటి పరీక్ష. రెండు అంచులూ పట్టుకుని, వంగి, ఒక్కొక్కరే ఎక్కాలి. కూర్చున్నాక ముందు బల్ల నుంచి వరసగా అంకెలు చెప్పించాలి. బోటు తిరగబడితే మళ్లీ ఆ అంకెలే పిలిచి మనుషులను సరిచూసుకుంటారు.

లయ కలిసేవాళ్లను ముందు జంటగా, బరువైనవాళ్లను మధ్యలో, ఒకే బల్ల మీద ఇద్దరినీ సమాన బరువుతో కూర్చోబెట్టాలి. మావాళ్లు స్నేహాలను బట్టి కూర్చున్నారు. కట్ట వదిలి కాస్త దూరం పోయామో లేదో తండేలు కేకేశారు: "మాస్టారూ, ముక్కు దిగిపోతందండి, మీరిద్దరూ మధ్యకి రండి!" ఒడ్డుకు తెచ్చి మార్చాక గానీ బోటు తిన్నగా పోలేదు. ముక్కు బరువైతే చుక్కాని ఎంత తిప్పినా బోటు మాట వినదు.

ఇక తెడ్డు. తెడ్డు పిడి కొసను పట్టిన పై చెయ్యి నీళ్ల మీదికి రావాలి, బయటివైపు కాలు ముందు బల్లకు తన్నిపెట్టాలి. నడుము తిప్పి ముందుకు చాచి, రెక్క మొత్తం మునిగాకే లాగాలి. తుంటి దగ్గరకు రాగానే పైకి తీసెయ్యాలి. అక్కడ దాటితే తెడ్డు నీళ్లను ఎత్తుతుంది, బోటు కిందికి నొక్కుకుపోతుంది. మోచేయి మడిచి చేతులతో లాగేవాళ్లకు పది తెడ్లకే భుజం పట్టేస్తుంది, పెద్దవయసులో అదే ముఖ్యమైన ప్రమాదం. అందుకే మొదట్లో నిమిషం వేసి ఆపడం, మధ్యమధ్య కుడి ఎడమలు మారడం.

డప్పుకు తగ్గట్టు వేస్తే చాలనుకుంటారు. చప్పుడు విని వేసేవాడు ఎప్పుడూ ఆలస్యమే. అలా ప్రతి బల్లా కొంచెం కొంచెం వెనకబడితే తెడ్లన్నీ జెర్రి కాళ్లలా కదులుతాయి. ముందు జంటలో అవతలివైపు మనిషి పై చేతిని చూస్తూ వెయ్యాలి. ఇది అర్థమయ్యాక బోటు ఒక్క ఊపున ముందుకు జారింది, తండేలు గారు కూడా "ఊఁ" అన్నారు.

"ఈ వయసులో మనకెందుకయ్యా" అని గొణిగినవారికి జవాబుంది. అంతర్జాతీయ పోటీల్లో 40, 50, 60 దాటినవారికి విడివిడి విభాగాలున్నాయి. 1996లో వాంకోవర్‌లో డాక్టర్ డాన్ మెకెంజీ రొమ్ము క్యాన్సర్ చికిత్స పొందిన ఆడవాళ్లతో జట్టు కట్టించాడు. వాళ్లు భుజాలను బాగా కష్టపెట్టకూడదనే ఆనాటి నమ్మకాన్ని పరీక్షించడానికే.

గాలి పక్క నుంచి తగలగానే తెడ్లు నీళ్ల మీద పరిచి బోటును నిలకడ చేసి, ఒడ్డుకు తిప్పేశాం. లోపల చేరిన నీళ్లు మగ్గులతో తోడాలి, తడిసిన లైఫ్ జాకెట్లు నీడలో ఆరేయాలి. ఆ పనికి మాత్రం మాస్టార్లకు ఎక్కడలేని నడుంనొప్పులూ వచ్చేశాయి.