మంగళగిరి చీర, మునగాకు పప్పు

మునగాకు దూసే పని ఒక్కటి లేకపోతే ఆషాఢమాసం ఇంకాస్త బాగుండేదని ఏటా అనుకుంటాను. పొద్దున్నే అత్తయ్య వాచ్‌మన్ భార్యకి చెప్పి అపార్ట్‌మెంట్ వెనక చెట్టు నుంచి ఇంత పొడుగు కొమ్మ తెప్పించేశారు. రాత్రే తెప్పించి ఉంటే గుడ్డలో చుట్టి పెట్టేదాన్ని, తెల్లారేసరికి సగం ఆకు దానంతటదే రాలిపోయేది. ఆ మాట అంటే, "నువ్వు కూర్చుని దూస్తుంటే నాకూ కాస్త కాలక్షేపం కదమ్మాయ్" అన్నారు. ఆవిడకి కాలక్షేపం, నాకు క్యారేజీల టైం. కందిపప్పు కుక్కర్లో పడేసి, ఈయన స్నానం చేసి వచ్చేలోపు ఆకు దూసి, కడిగి, పప్పులో వేసి, వెల్లుల్లి దంచి తాలింపు పెట్టేశాను. బాగానే కుదిరింది.

తొమ్మిదిన్నరకి ఇల్లు ఖాళీ అయింది. అంటే నాకు ఖాళీ దొరికిందని కాదు, మనుషులు తగ్గారని. హాల్లో చాప వేసి బొంత తీశాను.

మా ఆడపడుచు కూతురికి నెలలు నిండుతున్నాయి. మియాపూర్‌లో ఉంటుంది. పసిపిల్లకి పక్కలో వేయడానికి బొంత కుట్టమని ఎవరూ అడగలేదు. అడిగింది ఒక రకంగా చీరే. అత్తయ్య బీరువా సర్దుతుంటే పాత మంగళగిరి నేత చీర బయటపడింది. ఆకుపచ్చ ఒళ్ళు, మెరూన్ అంచు. మంగళగిరి చీరకి ఒంటిమీద బుటాలూ డిజైన్లూ పెద్దగా ఉండవు, అందమంతా అంచుదే. విజయవాడ నుంచి మంగళగిరి ఎంత దూరమని, ఎప్పుడైనా వెళ్ళి తెచ్చుకోవచ్చు. కానీ ఇలాంటి మెత్తదనం కొత్త చీరలో కొందామన్నా దొరకదు. కట్టీ ఉతికీ, కట్టీ ఉతికీ ఏళ్ళు గడిస్తేగానీ నూలు ఇలా తయారవదు. కింద, పాదం తగిలే చోట చివికిపోయింది, కుచ్చిళ్ళ దగ్గర రెండు చిరుగులు. కట్టుకోవడానికి పనికిరాదు. ఇల్లు తుడిచే గుడ్డ చేయడానికి అత్తయ్యకీ మనసొప్పలేదు, నాకూ ఒప్పలేదు.

చీర పొడవు ఐదున్నర మీటర్లు, పన్నా మీటరూ పది పదిహేను సెంటీమీటర్లు. అటు ఒకసారి ఇటు ఒకసారి మడుస్తూ పోతే ఐదు మడతలకి ఇంచుమించు నలుచదరంగా వచ్చేస్తుంది. కత్తెర పట్టాల్సిన పనే లేదు. చీర పన్నాకి ఎవరు ఏ లెక్క పెట్టారో నాకు తెలీదుగానీ, పసిపిల్ల బొంతకి మాత్రం కొలిచినట్టు సరిపోయింది. చిరుగులున్న మడతలు లోపలికి వెళ్ళిపోయేలా చూసుకున్నాను. జరీ ఉన్న కొంగు ముక్క మాత్రం కత్తిరించి పక్కన పెట్టేశాను. ఎంత పాతదైనా జరీ గీసుకుంటుంది.

కుట్టేముందు చేయాల్సిన చాకిరీ కొంత ఉంది. గంజి పూర్తిగా వదలాలి, లేకపోతే వెండిపురుగులు చేరతాయి. అంతకంటే ముఖ్యమైనది కలరా ఉండల వాసన. బీరువాలో ఏళ్ళ తరబడి వాటి మధ్య ఉన్న బట్టని దులిపేసి పసిపిల్ల కింద వేయకూడదు. కొందరు పిల్లలకి పుట్టుకతోనే జీ సిక్స్ పీడీ అనే ఎంజైమ్ తక్కువగా ఉంటుంది, వాళ్ళకి ఆ ఉండల్లో ఉండే నాఫ్తలీన్ తగిలితే ఎర్రకణాలు విరిగిపోయి కామెర్లు ముదురుతాయి. పరీక్ష చేయించకుండా ఎవరికి ఆ లోపం ఉందో ఎలా తెలుస్తుంది? అందుకే వేడినీళ్ళలో నానబెట్టి, ఉతికి, మళ్ళీ ఉతికి, ఎండ దొరికినప్పుడల్లా డాబా మీద ఆరేశాను. ఆషాఢంలో ఎండని నమ్ముకోవడం అంటే తెలిసిందేగా, మబ్బు పట్టినప్పుడల్లా పైకి పరుగు.

మడతలు జరగకుండా నాలుగు మూలలా పప్పు డబ్బాలు పెట్టి, మధ్యమధ్యలో పొడుగ్గా కచ్చా కుట్లు వేసి, నిన్నటి నుంచి అసలు కుట్టు మొదలుపెట్టాను. ఎంబ్రాయిడరీ దారం లచ్ఛలో ఆరు పోగులుంటాయి, అందులోంచి రెండు లాగి కుడుతున్నాను. ముడులన్నీ మడతల మధ్యకి లాగేయాలి, పైకి ఒక్కటి తేలినా పిల్ల వీపుకి గుచ్చుకుంటుంది.

రెండు వరుసలు అయ్యాయో లేదో పై ఫ్లోర్ అమ్మాయి పెరుగు తోడుకి వచ్చింది. ఇంటి నుంచే ఉద్యోగం, మీటింగుల మధ్య ఇలా కిందికి దిగుతుంటుంది. బొంత చూసి అక్కడే చతికిలబడింది. "ఆంటీ, మీకు ఇవన్నీ చేయాలని ఎలా అనిపిస్తుంది? నాకు అసలు ఇన్‌స్పిరేషనే రాదు" అని ఫోన్‌లో దాచుకున్న బొమ్మలు చూపించింది. సీసాల మీద రంగులు, ఐస్‌క్రీం పుల్లలతో గోడ బొమ్మలు, పాత సీడీలతో నెమళ్ళు. సామాను కూడా కొనిపెట్టుకుందట, నెలలుగా డబ్బా విప్పలేదట.

నేనేదో మర్యాదగా నవ్వేశాను గానీ ఆ సీసాల మీద నాకు మొదటినుంచీ సదభిప్రాయం లేదు. పారేయాల్సిన సీసాకి వంద రూపాయల రంగులు పూసి, దాన్ని పారేయలేని సీసాగా మార్చి, రోజూ దుమ్ము తుడుచుకోవడం ఎందుకు? మా చిన్నప్పుడూ ఈ పిచ్చి లేకపోలేదు. టీవీకి క్రోషా కవరు, ఫ్రిజ్‌కి కవరు, రేడియోకి కవరు, గుమ్మానికి పూసల తోరణం. కానీ అదే చేతులు వైరు బుట్టలు కూడా అల్లాయి. మా పెద్దమ్మ అల్లిన వైరు బుట్టలో ఇప్పటికీ ఉల్లిపాయలు పోసుకుంటున్నాం. టీవీ కవరు ఎక్కడుందో ఎవరికీ తెలీదు.

ఆ పిల్ల దగ్గర సామాను ఉంది, సరదా ఉంది, చేతులకి కుదురూ ఉంది. ఫలానాది కావాలి అనే అవసరం మాత్రం లేదు. నాకు ఏ పని చూసినా ముందు చిరుగో, కొరతో, ఎవరో ఒకరి రాకో కనిపిస్తుంది, ఆ తర్వాతే సూది. చిరుగు లేకపోతే ఈ చీరని నేను ముట్టుకునేదాన్నే కాదు. ఇదంతా ఆ అమ్మాయికి చెప్తే ఉపన్యాసంలా ఉంటుందని, "మీ ఇంట్లో ఏం చిరిగాయో చూసి పట్టుకురామ్మా" అన్నాను. కాసేపు ఆలోచించి లాప్‌టాప్ బ్యాగు జిప్పు పోయిందంది. అది నావల్ల కాదు, వన్‌టౌన్‌లో కుట్టించుకోమని పంపించాను. పెరుగు తోడు తీసుకోవడం మర్చిపోయింది, మళ్ళీ వచ్చింది.

పదకొండు దాటాక వీధిలో "బొంతలు కుడతామమ్మా బొంతలూ" అని కేక. ఈవిడ ఏడాదికోసారి మా వైపు వస్తుంది, తోడుగా ఒక కుర్రది. ఇంట్లోవాళ్ళు పాత చీరలు ఇస్తే సెల్లార్లో పరుచుకుని కూర్చుని, సాయంత్రానికల్లా డబుల్ కాట్ బొంత చేతిలో పెడుతుంది. మజ్జిగ ఇచ్చి నా బొంత చూపించాను. బట్టని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, "చీర మంచిదమ్మా" అంది. తర్వాత కుట్టు చూసింది. "ఇంత దగ్గరదగ్గర కుట్టావేందమ్మా, బిగుసుకుపోద్ది. గాలాడొద్దా?"

అది నిజమే. బొంతలో వెచ్చదనం బట్టది కాదు, మడతల మధ్య చిక్కుకున్న గాలిది. కుట్టు కుట్టుకీ దాన్ని నొక్కేస్తే మిగిలేది దళసరి గుడ్డే. కానీ పసిపిల్ల బొంత రోజూ నీళ్ళలో పడాలి, దూరందూరంగా కుడితే నాలుగు ఉతుకులకి లోపలి మడత ఒక మూలకి చేరి ఉండ కడుతుంది. ఆ మాటే అన్నాను. "పిల్లకా? ముందే చెప్పొద్దా" అని నవ్వి, వరసకీ వరసకీ మధ్య తన బొటనవేలు అడ్డంగా పెట్టి చూపించింది. నా వరసలు ఇంచుమించు అంతే ఉన్నాయి. ఇద్దరికీ రాజీ కుదిరింది. ఇంకో మాట చెప్పింది: నడిమధ్య నుంచి మొదలుపెట్టి బయటికి పోతే ముడతలు అంచుల్లోంచి వెళ్ళిపోతాయట. తన చేతిలో సూది నాలుగైదు కుట్లు ఒకేసారి ఎక్కించుకుని బయటికి వస్తుంటే కుట్టు మిషన్ కూడా ఆగి చూడాలనిపించింది.

బెంగాల్ ఆడవాళ్ళు కాంతా అనే తమ బొంతలు కుట్టేటప్పుడు ఒకప్పుడు దారం కూడా కొనేవాళ్ళు కాదు, పాత చీర అంచులోంచి రంగు పోగులు లాగి వాటితోనే కుట్టేవాళ్ళు. కర్ణాటకలో ఉత్తర కన్నడ వైపు సిద్దీ ఆడవాళ్ళు (ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళ సంతతి) ఈవిడ చెప్పినదానికి పూర్తిగా ఎదురు. అంచుల దగ్గర మొదలుపెట్టి, ముక్క మీద ముక్క ఆనించి కుట్టుకుంటూ చుట్టూ తిరిగి లోపలికి, నడిమధ్యకి వస్తారు. ఆ బొంతల్ని కవంది అంటారు. మూలలకి చిన్న గుడ్డ మడతలు పువ్వుల్లా పెడతారు. ఎలా కుట్టినా బట్ట పాతదే. ఆ అంచు పోగుల సంగతి గుర్తొచ్చి, కత్తిరించి పక్కన పెట్టిన కొంగు ముక్కలోంచి మెరూన్ పోగులు లాగి చూశాను. రెండు మూరలు రాకుండానే పుటుక్కుమన్నాయి. వాళ్ళ ఓపికకి దండం పెట్టి నా లచ్ఛ నేను తెచ్చుకున్నాను.

మధ్యాహ్నం చెప్పుకోవడానికేం లేదు. భోజనాలు, గిన్నెలు, కరెంటు పోవడం, రావడం.

నాలుగింటికి అత్తయ్య గోరింటాకు రుబ్బమన్నారు. మునగాకు అయింది, ఇప్పుడు గోరింటాకు, ఈ నెలంతా ఆకులతోనే సరి. ఇంత చింతపండు వేసి మిక్సీలో తిప్పాను. రోట్లో రుబ్బితేనే పండుతుందని ఆవిడ వాదం. రోలు ఎక్కడుందో ఆవిడకీ తెలుసు, బాల్కనీలో తులసి కుండీ కింద. ఆవిడ చేతులకి నేను పెట్టి, నా ఎడమచేతికి నేను పెట్టుకుని, కుడిచేతికి పై ఫ్లోర్ అమ్మాయి చేత పెట్టించుకున్నాను. ఇద్దరం చేతులు చాపుకుని ఫ్యాను కింద కూర్చున్నాం. ఫోన్ మోగితే ఎత్తలేం, ముక్కు దురద పెడితే గోక్కోలేం. బొంత ఎదురుగా ఉంది, ముట్టుకోకూడదు.

చేతులు ఆగితే నోళ్ళు ఊరుకోవు కదా. అత్తయ్య అప్పటిదాకా కడుపులో దాచుకున్న మాట బయటపెట్టారు. "అది సరేగానీ అమ్మాయ్, బిడ్డ పుట్టకముందే కుట్టి పెట్టకూడదంటారు."

నాకూ తెలుసు. పుట్టకముందు ఏదీ కొనరు, ఏదీ అమర్చరు, పుట్టిన బిడ్డకి ముందు పాత బట్టే వేస్తారు. పాత బట్ట మెత్తగా ఉంటుంది, తడి పీల్చుకుంటుంది, అది సరే. ముందే కొనకపోవడం వెనక ఉన్నది మాత్రం భయమని నా అనుకోలు. పురుడు గండంగా గడిచిన రోజుల్లో, అమర్చి పెట్టుకున్న ఉయ్యాల ఖాళీగా మిగిలితే చూడలేక పెట్టుకున్న నియమం అయి ఉంటుంది. ఆ భయం నేను తీసిపారేయలేను. అత్తయ్యకి మొదటి కానుపు సంగతి ఉంది. ఆవిడ ఎప్పుడూ చెప్పరు, ఆడపడుచు చెప్పింది.

"ఇది పాత చీరే కదా అత్తయ్యా, కొన్నది కాదు" అన్నాను.

"కుట్టింది కొత్తే కదా."

దానికి నా దగ్గర జవాబు లేదు. కాసేపు టీవీలో వంటల కార్యక్రమం చూశాం. ఎవరో పనీర్‌తో గుత్తివంకాయ చేస్తున్నారు, ఇద్దరం కలిసి విసుక్కున్నాం. ప్రకటనలు వచ్చాక ఆవిడే అన్నారు, "ఒక పని చెయ్. మూడు వైపులా అంచు మడిచి కుట్టెయ్. నాలుగో వైపు వదిలెయ్. అంచు పడని బొంత బొంత కాదుగా, మడత పెట్టిన చీరే."

ఇంత పెద్ద లాయరు మా ఇంట్లో ఉన్నారని నాకు తెలీదు.

"మరి పుట్టాక ఎవరు కుడతారు? నేను పురిటికి వెళ్ళేసరికి ఎన్ని రోజులవుతుందో."

"నేను వెళ్తానుగా ముందు. నా మునిమనవడికి నేను కుట్టుకోలేనా?"

"కళ్ళజోడు మార్పించుకోవాలని ఆరు నెలల నుంచి అంటున్నారు. సూదిలో దారం ఎక్కుతుందా?"

"నువ్వు ఎక్కించి ఇచ్చి పంపించు. పది సూదులకి ఎక్కించు, ఏం పోయింది?"

రాత్రి చేతులు కడుక్కుంటే ఆవిడ అరచెయ్యి నా అరచెయ్యి కంటే ఎర్రగా పండింది. రోట్లో రుబ్బి ఉంటే ఇంకా పండేదట. మెరూన్ దారం ఒక్క లచ్ఛే మిగిలింది, మూడు వైపుల అంచుకే బొటాబొటిగా వస్తుంది. నాలుగో వైపుకి ఇదే షేడ్ దొరకాలంటే నంబరు చీటీ ఉండాలి, దాన్ని ఈయన చిత్తుకాగితం అనుకుని ఊడ్చేసినట్టున్నారు. రేపు దారం ముక్క పట్టుకుని బీసెంట్ రోడ్డుకి వెళ్ళాలి. కళ్ళజోళ్ళ షాపు కూడా అటే కాబట్టి అత్తయ్యని ఆటో ఎక్కించాలి, ఎక్కుతారో లేదో.